18-0 అంటే ఎంత? అమెరికా కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్‌లో టీముల బలాన్ని, కాన్ఫరెన్స్‌ల బలాన్ని పోల్చడం ఎలా

2024 జనవరిలో హైదరాబాద్ ఓపెనర్ తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ మీద 181 బంతుల్లో 366 పరుగులు కొట్టాడు. ట్రిపుల్ సెంచరీకి 147 బంతులే పట్టాయి. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అప్పటిదాకా అంత వేగంగా ఎవరూ కొట్టలేదు. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపులో ఒకవైపు సంబరం, ఒకవైపు వాదన. రంజీలో కింది అంచె అయిన ప్లేట్ గ్రూపు బౌలింగ్ మీద కొట్టిన పరుగులకు అంత విలువ ఉందా అని కొందరు. ఎవరి బౌలింగైనా 26 సిక్సర్లు కొట్టడం మాటలా అని మిగతావాళ్ళు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఎంత కొట్టాడన్నది ఒక ప్రశ్న, ఎవరి మీద కొట్టాడన్నది ఇంకో ప్రశ్న. రెండూ కలిపి చూస్తేనే ఆట విలువ తెలుస్తుంది.

నేను అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ దగ్గర ఉంటాను. ఇన్సూరెన్స్ కంపెనీల ఐటీ పనుల మీద వచ్చిన తెలుగువాళ్ళు ఇక్కడ బాగానే ఉన్నారు. వచ్చిన రెండో చలికాలానికల్లా చాలామందికి యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీము సొంత టీమైపోతుంది. 2024-25లో యూకాన్ తన కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమి) అయిన బిగ్ ఈస్ట్‌లో 18 ఆడి 18 గెలిచింది. అదే సీజన్‌లో లాస్ ఏంజెలెస్ టీము యూసీఎల్‌ఏ తన కాన్ఫరెన్స్ బిగ్ టెన్‌లో 16 గెలిచి 2 ఓడింది. ఏ టీము బలమైనది? గెలుపులే లెక్కపెడితే యూకాన్. కానీ ఆ 18 గెలుపులు ఎవరి మీద వచ్చాయో చూడకుండా ఆ మాట అనలేం. ఈ లెక్క మీరే ఇంట్లో కూర్చుని ఎలా వేసుకోవచ్చో చెబుతాను. పెద్ద గణితం అక్కర్లేదు. కూడికలు, తీసివేతలు, ఒక స్ప్రెడ్‌షీట్ లేదా రూళ్ళ నోటుబుక్ చాలు.

కొత్తవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ పై అంచె అయిన డివిజన్ వన్‌లో అమ్మాయిల టీములు సుమారు 360. 2024-25లో అవి 31 కాన్ఫరెన్స్‌లుగా ఉన్నాయి. నవంబర్, డిసెంబర్ నెలల్లో ఎక్కువగా బయటి కాన్ఫరెన్స్‌ల టీములతో ఆడతారు, జనవరి నుంచి దాదాపు అంతా సొంత కాన్ఫరెన్స్ లోపలే. మార్చిలో జాతీయ టోర్నమెంట్, 2025లో అది 68 టీములతో జరిగింది. ప్రతి కాన్ఫరెన్స్ విజేతకు నేరుగా చోటు దొరుకుతుంది, మిగతా చోట్లను (2025లో 37) ఒక కమిటీ నింపుతుంది. అందరూ ఒకే ప్రత్యర్థులతో ఆడే ఏర్పాటు లేదు కాబట్టే పోలిక అవసరమవుతుంది. 360 టీములున్నా చాలా టీములు సీజన్ మొత్తంలో ఆడేది 30, 35 మ్యాచ్‌లే.

ముందు ప్రశ్న తేల్చుకోండి

చాలా వాదనలు తెగకపోవడానికి కారణం ఇద్దరూ రెండు వేరు ప్రశ్నలకు జవాబు చెబుతూ ఉండడమే. ఒకటి సంపాదన: ఈ సీజన్‌లో ఈ టీము ఎవరిని ఓడించి ఏం సాధించింది? రెండోది సత్తా: రేపు ఎవరి సొంత కోర్టూ కాని చోట ఈ రెండు టీములు తలపడితే ఎవరు గెలుస్తారు?

కమిటీ టోర్నమెంట్‌కి టీముల్ని ఎంచేటప్పుడు ఎక్కువగా సంపాదన చూస్తుంది, చూడాలి కూడా. ఒక్క పాయింటుతో గెలిచినా గెలుపు గెలుపే, ఆ అమ్మాయిలు కష్టపడి తెచ్చుకున్నది. సత్తా లెక్కలో మాత్రం ఒక్క పాయింటు గెలుపుకీ ఒక్క పాయింటు ఓటమికీ పెద్ద తేడా లేదు. నోటుబుక్ మొదటి పేజీ మీద ఈ రెండిట్లో ఏది వెతుకుతున్నారో రాసుకోండి. ఒకదాని జవాబు తెచ్చి ఇంకోదానికి అతికించకండి.

మ్యాచ్‌లు రాసుకోవడం

టీము షెడ్యూల్ పేజీ తెరిచి ఒక్కో మ్యాచ్‌కి ఒక్కో వరస రాయండి. తేదీ, ఎదుటి టీము, ఎక్కడ ఆడారు, స్కోరు, గాయంతో ఆడని ముఖ్యమైన ప్లేయర్ ఎవరైనా ఉన్నారా. ఎక్కడ ఆడారన్న గడిలో మూడే మాటలు: హోమ్, అవే, న్యూట్రల్. ఇక్కడ తొందరపడకండి. షెడ్యూల్‌లో హోమ్ అని లేకపోయినా సొంత ఊరికి పావుగంట దూరంలో ఆడిన మ్యాచ్‌లుంటాయి. మార్చిలో కూడా ఇదే జాగ్రత్త కావాలి. అమ్మాయిల టోర్నమెంట్‌లో మొదటి రెండు రౌండ్లు పైనున్న 16 సీడ్ల (కమిటీ ఇచ్చే వరసలో ముందున్న టీముల) సొంత క్యాంపస్‌లలోనే జరుగుతాయి. అబ్బాయిల టోర్నమెంట్ లెక్కలు చూసి అలవాటైనవాళ్ళు వీటిని న్యూట్రల్ అని రాసేస్తుంటారు. అది తప్పు.

డివిజన్ వన్ కాని కాలేజీలతో ఆడిన మ్యాచ్‌లు ఒకటి రెండు కనిపిస్తాయి. వాటిని కొట్టేయండి.

ఇప్పుడు గెలుపు ఓటముల వరస పక్కన పెట్టి పాయింట్ల తేడా చూడండి. ఐపీఎల్‌లో నెట్ రన్‌రేట్ ఎందుకు పెట్టారో మనకు తెలుసు, ఇదీ అలాంటిదే. అయితే బాస్కెట్‌బాల్‌లో ఒక చిక్కుంది. కొన్ని టీములు పరుగెత్తి ఆడతాయి, కొన్ని బంతి పట్టుకుని నింపాదిగా ఆడతాయి. వేగంగా ఆడే మ్యాచ్‌లో పాయింట్లూ ఎక్కువే, తేడాలూ ఎక్కువే. అందుకే తేడాని 100 పొసెషన్లకు మార్చుకోవాలి. బంతి ఒక టీము చేతికొచ్చిన క్షణం నుంచి ఎదుటి టీము చేతికి పోయేదాకా ఒక పొసెషన్. ఎవరూ కూర్చుని లెక్కపెట్టనక్కర్లేదు, బాక్స్ స్కోరు (మ్యాచ్ అంకెల పట్టిక) నుంచి అంచనా వేయొచ్చు: షాట్ ప్రయత్నాల్లోంచి అఫెన్సివ్ రీబౌండ్లు (తమ షాట్ తప్పాక బంతిని మళ్ళీ తామే అందుకున్నవి) తీసేసి, టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకున్నవి) కలిపి, ఫ్రీ త్రో (ఫౌల్‌కి దొరికే ఉచిత షాట్) ప్రయత్నాల్ని 0.475తో గుణించి అవీ కలపండి.

ఒక మ్యాచ్ అనుకుందాం. మన టీము 62 షాట్లు వేసింది, 11 అఫెన్సివ్ రీబౌండ్లు, 14 టర్నోవర్లు, 18 ఫ్రీ త్రోలు. 62 లోంచి 11 తీస్తే 51, 14 కలిపితే 65, ఫ్రీ త్రోల వాటా 8.55 కలిపితే 73.55. స్కోరు 78-65. పదమూడు పాయింట్ల తేడాని 73.55తో భాగించి 100తో గుణిస్తే 17.7. అదే 13 పాయింట్ల గెలుపు 60 పొసెషన్ల నెమ్మది మ్యాచ్‌లో వస్తే 21.7 అవుతుంది. పైకి ఒకేలా కనిపించే రెండు గెలుపుల మధ్య నాలుగు పాయింట్ల తేడా దాగి ఉంది. ఇంత లెక్క ఓపిక లేనివాళ్ళు మామూలు పాయింట్ల తేడాతోనే ముందుకెళ్ళొచ్చు. కొంత నష్టపోతారు గానీ దారి తప్పరు. కింది ఉదాహరణల్లో నేనూ మామూలు పాయింట్లే వాడతాను.

ఎదుటి టీముని బట్టి సరిదిద్దడం

అసలు పని ఇదే, ఇక్కడ నిదానంగా చదవండి. ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) ఈ రోజుల్లో ఎన్నో సెషన్లలో జరుగుతుంది. ఒక సెషన్ పేపర్ కష్టం, ఇంకోటి తేలిక. అందుకని మార్కుల్ని ఉన్నవి ఉన్నట్టు తీసుకోకుండా నార్మలైజేషన్ చేస్తారు. తేలిక పేపర్లో 110, కష్టమైన పేపర్లో 100 వస్తే ఎవరు ముందో నార్మలైజేషన్ అయ్యాకే తెలుస్తుంది. టీముల విషయంలో కష్టమైన పేపర్ అంటే బలమైన ప్రత్యర్థి, బయట కోర్టు.

ప్రతి టీముకీ ఒక రేటింగ్ ఉందనుకోండి. డివిజన్ వన్‌లో సగటు టీముకి సున్నా. న్యూట్రల్ కోర్టులో ఆ సగటు టీముని 12 పాయింట్లతో ఓడించగల టీముకి +12. పది పాయింట్లతో ఓడిపోయే టీముకి -10. సొంత కోర్టు బలానికి నేను 3 పాయింట్లు వేసుకుంటాను. సూత్రం ఇంతే: మ్యాచ్‌లో వచ్చిన తేడాకి ప్రత్యర్థి రేటింగ్ కలపండి, హోమ్ అయితే 3 తీసేయండి, అవే అయితే 3 కలపండి.

'క' టీము నాలుగు మ్యాచ్‌లు. -10 టీము మీద హోమ్‌లో 30 తేడాతో గెలిచింది: 30 - 10 - 3 = 17. సగటు టీము మీద హోమ్‌లో 18 తేడా: 18 + 0 - 3 = 15. +20 టీము చేతిలో న్యూట్రల్ కోర్టులో 4 తేడాతో ఓడింది: -4 + 20 = 16. +12 టీము సొంత గడ్డకి వెళ్ళి 2 తేడాతో గెలిచింది: 2 + 12 + 3 = 17. సగటు 16.25.

'గ' టీము నాలుగుకి నాలుగూ గెలిచింది. -15 టీము మీద హోమ్‌లో 25 తేడా: 7. -8 టీము మీద హోమ్‌లో 19 తేడా: 8. -20 టీము మీద హోమ్‌లో 28 తేడా: 5. -5 టీము దగ్గరికి వెళ్ళి 8 తేడా: 6. సగటు 6.5.

పట్టికలో 'గ' 4-0, 'క' 3-1. సత్తాలో 'క' దాదాపు పది పాయింట్లు పైన. 'క' టీముకి ఎక్కువ విలువ తెచ్చిన మ్యాచ్‌లు చూడండి. 30 పాయింట్లతో చితక్కొట్టినదీ, రెండే పాయింట్లతో బయటపడినదీ సమానంగా 17 తెచ్చాయి. ఓడిపోయిన మ్యాచ్ కూడా 16 తెచ్చింది. ఈ ఒక్క పట్టిక మీ చేత్తో ఒకసారి వేశారంటే, ఆ తర్వాత 'వాళ్ళు ఇంకా ఓడలేదు' అనే మాటకి మీరు తొందరపడి తలూపరు.

మరి ప్రత్యర్థుల రేటింగ్ ఎక్కడిది? మొదటి విడతలో ప్రతి టీము సగటు పాయింట్ల తేడానే దాని రేటింగ్ అనుకోండి. దాంతో పై లెక్క వేస్తే కొత్త రేటింగ్‌లు వస్తాయి. ఆ కొత్తవాటితో మళ్ళీ వేయండి. కొన్ని విడతలయ్యాక అంకెలు కదలడం మానేస్తాయి, అక్కడ ఆపండి. 360 టీములకూ చేయాలంటే స్ప్రెడ్‌షీట్ తప్పదు. అంత వద్దనుకుంటే మాసీ రేటింగ్స్, హర్ హూప్ స్టాట్స్ లాంటి వెబ్‌సైట్లలో సిద్ధంగా ఉన్న అంకెలు తెచ్చుకోండి. నా సలహా, ఒక్క కాన్ఫరెన్స్‌కైనా చేత్తో వేసి చూడండి. వేసినవాళ్ళకి సిద్ధంగా ఉన్న అంకెల్ని ఎంతవరకు నమ్మొచ్చో తెలుస్తుంది.

ఇక భారీ గెలుపుల సంగతి. అమ్మాయిల కాలేజీ ఆటలో పైనున్న టీములకీ కిందున్నవాటికీ మధ్య దూరం ఎక్కువ. నవంబర్‌లో 50, 60 పాయింట్ల తేడాలు మామూలే. అప్పటికి మూడో క్వార్టర్ నుంచే మెయిన్ ప్లేయర్లు బెంచ్ మీద టవల్ కప్పుకుని కూర్చుని ఉంటారు. అక్కడ తేడా 48 అయినా 63 అయినా మీకు కొత్తగా తెలిసేదేమీ లేదు. కొందరు ఏ మ్యాచ్‌నైనా 30 దగ్గర కత్తిరిస్తారు. అందులో ఒక పొరపాటుంది. +30 ఉన్న టీము -20 టీముని హోమ్‌లో ఎంత చితక్కొట్టినా, 30 దగ్గర కత్తిరిస్తే ఆ మ్యాచ్ విలువ 7 అని వస్తుంది. మంచి టీముకి అన్యాయంగా మార్కులు తెగిపోతాయి. కాబట్టి అలాంటి మ్యాచ్‌ని కత్తిరించకండి, లెక్కలోంచే తీసేయండి.

గొలుసు లెక్కలు వద్దు

'అ' టీము 'ఆ' మీద గెలిచింది, 'ఆ' టీము 'ఇ' మీద గెలిచింది, కాబట్టి 'అ' గొప్పది అనే వాదన ఎంత దూరం పోతుందో 2024-25 సీజన్‌లోనే చూడొచ్చు. ఐయోవా 76-69తో యూఎస్‌సీని (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) ఓడించింది. యూఎస్‌సీ 72-70తో హార్ట్‌ఫర్డ్‌లో యూకాన్‌ని ఓడించింది. యూకాన్ వెళ్ళి 87-58తో సౌత్ కరోలినాని దాని సొంత గడ్డ మీదే ఓడించింది. అక్కడ సౌత్ కరోలినా అంతకుముందు వరసగా 71 మ్యాచ్‌లు గెలిచి ఉంది. ఏడు, రెండు, ఇరవై తొమ్మిది కలిపితే ఐయోవా సౌత్ కరోలినా కన్నా 38 పాయింట్లు మేలన్నమాట. ఐయోవా టోర్నమెంట్‌లో రెండో రౌండ్ దాటలేదు, సౌత్ కరోలినా ఫైనల్ ఆడింది. ఒక్కో మ్యాచ్‌లో పది పదిహేను పాయింట్ల ఊగిసలాట సహజంగా ఉంటుంది. గొలుసు పొడవైన కొద్దీ ఆ ఊగిసలాటలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. రేటింగ్ లెక్క ఒక్క గొలుసుని పట్టుకోదు, అన్ని దారులనూ కలిపి సగటు తీస్తుంది. దాని బలం అక్కడే ఉంది.

సంపాదన చూడాలంటే క్వాడ్రంట్లు

అమ్మాయిల ఆటలో చాలాకాలం ఆర్‌పీఐ అనే కొలత ఉండేది. సొంత గెలుపు శాతానికి నాలుగోవంతు, ప్రత్యర్థుల గెలుపు శాతానికి సగం, ప్రత్యర్థుల ప్రత్యర్థులకి మిగతా నాలుగోవంతు. పాయింట్ల తేడా ఊసే లేదు. 2020-21 నుంచి దాని స్థానంలో నెట్ అనే ర్యాంకింగ్ వచ్చింది. ప్రత్యర్థి బలం, ఆడిన చోటు చూసి సరిదిద్దిన సామర్థ్యం అందులో ఉంటుంది.

నెట్ ర్యాంకుని బట్టి ప్రతి మ్యాచ్‌నీ నాలుగు క్వాడ్రంట్లలో ఒకదాంట్లో వేస్తారు. మొదటి క్వాడ్రంట్ అంటే హోమ్‌లో 25లోపు ర్యాంకు టీముతో, న్యూట్రల్‌లో 35లోపు, అవేలో 45లోపు. అబ్బాయిల ఆటలో ఇవే గీతలు 30, 50, 75 దగ్గర ఉంటాయి. అమ్మాయిల దగ్గర గీతలు బిగించి గీయడానికి కారణం పైన చెప్పిన దూరమే. 60వ ర్యాంకు టీముని దాని ఊరెళ్ళి ఓడించడం, నంబర్ వన్ స్థాయి టీముకి పెద్ద పరీక్ష కాదు. అబ్బాయిల పట్టిక చూసి అమ్మాయిల టీముల్ని లెక్కగట్టే పొరపాటు చాలామంది చేస్తారు, మీరు చేయకండి.

మీ నోటుబుక్‌లో క్వాడ్రంట్ వన్ గెలుపులు, ఓటములు ఒక గడిలో, క్వాడ్రంట్ మూడు నాలుగుల్లో ఓటములు ఇంకో గడిలో రాయండి. మొదటి గడి ఎంత ఎత్తుకి ఎక్కారో చెబుతుంది, రెండోది ఎక్కడ కాలు జారారో చెబుతుంది. ఒక మాట గుర్తుంచుకోండి. గీతకి ఇవతల 25వ ర్యాంకు, అవతల 26వ ర్యాంకు టీముల మధ్య నిజంగా తేడా ఉండదు. గడిలో అంకె చూసి ఆగిపోకుండా ఆ గడిలో ఉన్న టీముల పేర్లు చదవండి. నంబర్ 2 మీద గెలుపూ నంబర్ 40 మీద గెలుపూ ఒకే గడిలో పక్కపక్కన కూర్చుని ఉంటాయి.

కాన్ఫరెన్స్‌ల బలం

ఇక్కడికొచ్చేసరికి చాలామంది కాన్ఫరెన్స్ లోపలి మ్యాచ్‌లు చూసి మాట్లాడతారు. 'ఎవరు ఎవరినైనా ఓడిస్తున్నారు, ఎంత గట్టి కాన్ఫరెన్స్!' అంటారు. ఆ మాటలో సమాచారం లేదు. బిగ్ టెన్‌లో ఇప్పుడు 18 టీములు (పేరు మాత్రం పాతదే). ఒక్కో టీము లోపల 18 మ్యాచ్‌లు ఆడితే మొత్తం 162 మ్యాచ్‌లు, 162 గెలుపులు, 162 ఓటములు. ఆ 18 టీములు దేశంలో మొదటి 18 అయినా అంతే, చివరి 18 అయినా అంతే. కాన్ఫరెన్స్ లోపల ఎన్ని ఆడినా కాన్ఫరెన్స్ సగటు ఒక్క మెట్టు పైకి ఎక్కదు, కిందికి దిగదు.

అంటే కాన్ఫరెన్స్ బలం తేలేది నవంబర్, డిసెంబర్ నెలల్లోనే. అప్పుడు బయటి టీములతో ఆడే మ్యాచ్‌లే రెండు కాన్ఫరెన్స్‌ల మధ్య వంతెనలు. జనవరి వచ్చేసరికి వంతెనలు దాదాపు మూసుకుంటాయి. ఫిబ్రవరిలో అప్పుడప్పుడు ఒకటి తెరుచుకుంటుంది. యూకాన్ సీజన్ నడిమధ్యలో టెనెసీ, సౌత్ కరోలినాలతో ఆడింది అందుకే అంత విలువైనది. కాబట్టి ఆట చూడ్డానికి మీకు టైమ్ తక్కువుంటే మార్చి కన్నా ముందు డిసెంబర్‌కి కేటాయించండి. తూర్పు తీరంలో రాత్రి ఏడింటి మ్యాచ్ ఇండియాలో తెల్లవారుజామున ఐదున్నరకి మొదలవుతుంది, మొదటి కాఫీ వేళకి సరిపోతుంది.

ఇక కొలవడం. కాన్ఫరెన్స్‌లో ఉన్న టీముల రేటింగ్‌లన్నీ పెద్ద నుంచి చిన్న దాకా వరసగా రాయండి. వెంటనే సగటు తీయకండి, వరసని ఒకసారి కళ్ళతో చూడండి. రెండు చిన్న కాన్ఫరెన్స్‌లు అనుకుందాం. 'ప' కాన్ఫరెన్స్‌లో 25, 8, 6, 4, 2, 0. 'ఫ' కాన్ఫరెన్స్‌లో 14, 12, 10, 6, 3, 0. రెండిటి సగటూ 7.5. ఏది కష్టం?

ఎవరికి కష్టం అని ఎదురు ప్రశ్న వేయాలి. రేటింగ్ +10 ఉన్న ఒక టీముని తెచ్చి 'ప'లో పెట్టండి. ఒక్క మ్యాచ్‌లో ఓటమి దాదాపు ఖాయం, మిగతా ఐదింట్లోనూ అదే ఫేవరెట్. 'ఫ'లో పెట్టండి. రెండు మ్యాచ్‌ల్లో వెనకబడి ఉంటుంది, ఒకటి ఎటైనా పోవచ్చు, ఏ వారమూ టెన్షన్ లేకుండా గడవదు. ఇప్పుడు +25 టీముని తెచ్చి పెట్టండి. 'ఫ'లో దాన్ని నిలబెట్టి అడిగేవాళ్ళే లేరు. 'ప'లో మాత్రం ఒక సమఉజ్జీ ఉంది. మధ్యరకం టీముకి 'ఫ' కష్టం, టైటిల్ కోసం చూసే టీముకి 'ప' కష్టం. ఒక్క సగటు అంకె ఈ తేడా మొత్తాన్ని మింగేస్తుంది.

ఇలా ఒక ఊహా టీముని తెచ్చి కాన్ఫరెన్స్‌లో కూర్చోబెట్టి, ఎన్ని గెలుస్తుందో లెక్కగట్టడమే నాకు తెలిసినంతలో కాన్ఫరెన్స్‌ల్ని పోల్చే నమ్మకమైన పద్ధతి. అందుకు పాయింట్ల అంచనాని గెలుపు అవకాశంగా మార్చాలి. నేను వాడే రఫ్ లెక్క: 5 పాయింట్ల ఫేవరెట్‌కి మూడింట రెండు వంతుల అవకాశం, 10 పాయింట్లకి 80 శాతం, 15 పాయింట్లకి 90 శాతం. ప్రతి మ్యాచ్ అవకాశాన్నీ కూడితే ఆ కాన్ఫరెన్స్‌లో రావాల్సిన గెలుపులు వస్తాయి. బబుల్ మీదున్న టీము, అంటే టోర్నమెంట్‌లో చోటు దొరుకుతుందో లేదో తేలని టీము, అదే షెడ్యూల్ ఆడితే ఎన్ని గెలిచేదో చూసి, అసలు టీము అంతకన్నా ఎన్ని ఎక్కువ గెలిచిందో చెప్పే డబ్ల్యూఏబీ (విన్స్ అబౌ బబుల్) అనే కొలత ఈ ఆలోచన మీదే నడుస్తుంది.

టోర్నమెంట్‌కి ఎన్ని టీములు వెళ్ళాయన్న లెక్క కూడా చూడొచ్చు, కానీ శాతంగా చూడండి. 2025లో బిగ్ టెన్ నుంచి 12 టీములు వెళ్ళాయి. మిగతా పెద్ద కాన్ఫరెన్స్‌లలో ఎస్‌ఈసీ నుంచి 10, ఏసీసీ నుంచి 8, బిగ్ 12 నుంచి 7. బిగ్ టెన్‌లో 18కి 12 అంటే మూడింట రెండు వంతులు, ఎస్‌ఈసీలో 16కి 10 అంటే 62.5 శాతం. అంకెల్లో కనిపించిన తేడా శాతంలో చాలావరకు కరిగిపోయింది. చివరి నాలుగులో ఎస్‌ఈసీ నుంచి ఇద్దరు, బిగ్ టెన్ నుంచి ఒక్కరు. అదే ఏడాది ఎనిమిది టీముల ఐవీ లీగ్ నుంచి మూడు టీములు వెళ్ళాయి. ప్రిన్స్‌టన్, కొలంబియా, హార్వర్డ్. అథ్లెటిక్ స్కాలర్‌షిప్‌లే ఇవ్వని లీగ్ అది. చిన్న కాన్ఫరెన్స్ అని పేరు చూసి దాటేయకూడదని నేను నేర్చుకున్నది ఇలాంటి చోట్లే.

ఇప్పుడు యూకాన్ దగ్గరికి వద్దాం. 2025లో 11 టీముల బిగ్ ఈస్ట్ నుంచి టోర్నమెంట్‌కి వెళ్ళినవి రెండే, యూకాన్, క్రైటన్. కాబట్టి ఆ 18-0 అనే అంకె నిజంగానే తేలిక పేపర్ మీద వచ్చిన మార్కే. ఆ సీజన్‌లో యూకాన్ ఓడిన మూడు మ్యాచ్‌లూ బయటివే: ఏసీసీ నుంచి నోటర్ డేమ్, బిగ్ టెన్ నుంచి యూఎస్‌సీ, ఎస్‌ఈసీలో మధ్యస్థంగా ముగించిన టెనెసీ. సంపాదన చూసిన కమిటీ రెండో సీడ్ ఇచ్చింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ సత్తా లెక్క వేసినవాళ్ళకి ఇంకోటి కనిపించింది. యూఎస్‌సీ చేతిలో ఓటమి రెండు పాయింట్లతో, టెనెసీ చేతిలో వాళ్ళ ఊళ్ళో నాలుగు పాయింట్లతో. సౌత్ కరోలినా మీద దాని గడ్డ మీద గెలుపు 29 పాయింట్లతో. సెమీఫైనల్‌లో బిగ్ టెన్ టోర్నమెంట్ విజేత యూసీఎల్‌ఏ మీద 85-51, ఫైనల్‌లో సౌత్ కరోలినా మీద 82-59. కాన్ఫరెన్స్ బలహీనమైతే అందులో ఉన్న టీము కూడా బలహీనం కానక్కర్లేదు. ఇవి రెండు వేరు కొలతలు, వేరు వేరు గడుల్లో రాసుకోండి.

పాత పేర్ల మీద నమ్మకం పెట్టుకోకండి

కాన్ఫరెన్స్ పేరు అదే ఉన్నా లోపల మనుషులు మారిపోతారు. 2024 వేసవిలో పడమటి తీరపు కాన్ఫరెన్స్ పాక్-12 చెదిరిపోయింది. యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, ఓరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి, స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) ఏసీసీకి, ఇంకో నాలుగు బిగ్ 12కి వెళ్ళిపోయాయి. పాక్-12లోనే ఉన్న ఓరెగన్ స్టేట్ అంతకు కొద్ది నెలల ముందే చివరి ఎనిమిది దాకా వెళ్ళిన టీము. దాన్నించి రేగన్ బీర్స్ ఓక్లహోమాకి, టిమియా గార్డినర్ యూసీఎల్‌ఏకి, టాలియా వాన్ ఓల్‌హాఫెన్ యూఎస్‌సీకి ట్రాన్స్‌ఫర్ అయ్యారు. అదే జిమ్, అదే కోచ్ స్కాట్ రూక్, అదే జెర్సీ, టీము మాత్రం వేరు. ఆ కొత్త అమ్మాయిలతోనే వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్ టోర్నమెంట్ గెలిచి మళ్ళీ మార్చి ఆటకి వచ్చారు. అది చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి. కానీ నిరుటి రేటింగ్ పట్టుకుని వాళ్ళ మీద లెక్క వేసి ఉంటే పూర్తిగా తప్పేది.

అందుకే నవంబర్‌లో నిరుటి అంకెలతో మొదలుపెట్టినా, వాటి వాటా వారం వారం తగ్గించుకుంటూ రండి. జనవరికల్లా ఈ సీజన్ అంకెలే ఉండాలి. గాయాల గడి కూడా ఇందుకే పెట్టమన్నాను. 2025 మార్చి 24న యూఎస్‌సీ స్టార్ జూజూ వాట్కిన్స్ మోకాలి లిగమెంట్ తెగింది. డిసెంబర్‌లో యూకాన్‌ని ఓడించిన టీములో ఆమె ఉంది, చివరి ఎనిమిదిలో 78-64తో ఓడిన టీములో లేదు. ఆ రెండు మ్యాచ్‌లనీ ఒకే యూఎస్‌సీ ఖాతాలో వేస్తే లెక్క తప్పుతుంది. వేరే రంగు పెన్నుతో రాయండి. 1998లో పదహారో సీడ్ హార్వర్డ్ ఒకటో సీడ్ స్టాన్‌ఫర్డ్‌ని దాని సొంత కోర్టులో 71-67తో ఓడించిన రోజున కూడా స్టాన్‌ఫర్డ్ ఇద్దరు ముఖ్యమైన ప్లేయర్లు గాయాలతో ఆటకి దూరంగా ఉన్నారు. ఆ గెలుపు గొప్పతనం అందువల్ల తగ్గదు, 35 పాయింట్లు కొట్టిన ఆలిసన్ ఫీస్టర్ ఆట ఏ రోజైనా గొప్పదే. కానీ ఆ స్కోరు చూసి ఐవీ లీగ్‌కీ పాక్-10కీ (పాక్-12 అప్పటి పేరు) మధ్య దూరం కొలవకూడదు.

టోర్నమెంట్ ఫలితాలతో కాన్ఫరెన్స్ వాదన తేల్చేయాలని మార్చిలో అందరికీ ఉబలాటం కలుగుతుంది. ఒక్క ఓటమితో ఇంటికి పంపే ఆట అది. ఒక కాన్ఫరెన్స్‌కి పది మ్యాచ్‌లు దొరకొచ్చు, ఇంకోదానికి రెండు. ఆ ఫలితాల్ని కూడా మిగతా మ్యాచ్‌ల్లాగే ఒక్కో వరసగా మీ పట్టికలో చేర్చండి, అదనపు బరువు ఇవ్వకండి.

చివరి పని ఒకటుంది. టీముల్ని ప్రకటించే ఆదివారం సాయంత్రానికి ముందే మీ రెండు జాబితాలూ పూర్తిచేసి తేదీ వేయండి, సంపాదన వరస ఒక పేజీలో, సత్తా వరస ఎదురు పేజీలో. కమిటీ సీడ్లు వచ్చాక మొదటి పేజీతో పోల్చండి. ఎక్కడ నాలుగు స్థానాలకి మించి తేడా ఉందో ఆ టీము షెడ్యూల్ మళ్ళీ తెరవండి. మూడు వారాల తర్వాత, ఫైనల్ అయిపోయాక, రెండో పేజీ తీసి అలాగే చూడండి. సాధారణంగా తప్పు దొరికేది హోమ్, అవే అని రాసిన గడిలోనే, లేదంటే గాయాల గడి ఖాళీగా వదిలేసిన చోట.